తువాలు కింది ఏనుగు

పోయిన నెలలో సీనప్ప మనవరాలు శైలజ మా ఇంటికి వచ్చి, చేతిసంచిలోంచి ఒక పాత తువాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. సీనప్ప నా చిన్ననాటి స్నేహితుడు. అతను పోయి చాలా ఏళ్ళయింది. మొన్నీమధ్య అతని భార్య కూడా పోయింది. ఆమె ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళిచీర కింద, ఈ తువాలు నాలుగు మడతలు పెట్టి ఉందట. "ఇంత సినిగిపోయిన గుడ్డను అవ్వ ఎందుకు దాసిపెట్టిందో మాకెవరికీ తెలీదు తాతా. ఒకసారి అడిగితే, ఎమ్మిగనూరు నీలప్ప తాతను అడుగుపో, సెప్పేదానికి ఆయప్పకు సిగ్గుండాల అని నవ్వింది. ఏందది?" అన్నది శైలజ. నేను అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. నేతవాడి కొడుకుని. కళ్ళు మసకబారినా వేళ్ళు మరిచిపోవు. అది మా నాయన మగ్గం మీద దిగిన గుడ్డే. ఒక మూల అరచేతి వెడల్పున నీలం సిరామరక. ఆ మరక చూసేసరికి నాకు ముందు నవ్వు వచ్చింది, ఆ వెనకే సీనప్ప భార్య చెప్పిన సిగ్గు కూడా వచ్చింది.

మా ఇంట్లో మగ్గం చప్పుడుతో తెల్లవారేది, గంజి వాసనతో పొద్దు గూకేది. ఐదో తరగతి అయ్యాక నన్ను బడి మాన్పించి మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. నేను పడుగు చూడకుండా, బెల్లం పొట్లాం కట్టిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చదువుతూ పోగులు తెంపేవాణ్ణి. విసిగిపోయిన మా నాయన, చీరల మూట ఎత్తుకుని ఆదోనికి పోయే మా మామ వెంట నన్ను తరిమేశాడు. ఆదోనిలో ఒక గ్రంథాలయంలో తలుపులు తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పేపర్లు పరిచే పని దొరికింది. దుమ్ము దులిపిన ప్రతి పుస్తకమూ చదివాను. అక్కడ విజ్ఞాన సంపుటాలు రెండు ఉండేవి. ఎవరో మహానుభావులు ప్రపంచంలోని సంగతులన్నీ అక్షరక్రమంలో అచ్చువేద్దామని మొదలుపెట్టి, అచ్చులు అయిపోయేసరికి అలసిపోయినట్టున్నారు. అందువల్ల 'అ' నుంచి 'ఔ' దాకా నాకు తెలియని సంగతి లేదు. అగ్నిపర్వతం, ఆముదం, ఇనుము, ఉప్పు, ఏనుగు, వీటిలో ఏది అడిగినా మనిషిని నిలబెట్టి అరగంట చెప్పగలిగేవాణ్ణి. హల్లుల్లోకి వస్తే కొంచెం తడబాటు. గాడిద గురించి ఊళ్ళో అందరికీ తెలిసినంతే నాకూ తెలుసు.

ఆ గ్రంథాలయానికి రోజూ పొద్దున్నే రామలింగం శెట్టి అనే పత్తి వ్యాపారి వచ్చేవాడు. పేపరు చదవడానికి కాదు, చదివినవాళ్ళు ఏమనుకుంటున్నారో వినడానికి. ఒకరోజు నన్ను పిలిచి, "ఏమప్పా, నోరు తిరిగి సదువుతావంట గదా. మా ఇంట్లో వినేవాడొకడున్నాడు. ఆడికొచ్చి సదువు. ఉగ్గాని మా ఇంట్లోనే తిందువు" అన్నాడు. వినేవాడు ఆయన కొడుకు శ్రీనివాసులు. ఇంట్లో సీనప్ప. నాకంటే ఏడాది పెద్ద. నాలుగేళ్ళప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఒకసారి విన్న పద్యం మరిచిపోడు. యూనివర్సిటీవారి విద్వాన్ పరీక్ష రాసి తెలుగు పంతులు కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. తండ్రికి ఇది ఎంతమాత్రం ఇష్టం లేదు. కొడుకు మీద కోపంతో కాదు, కొడుకు వేళ్ళ మీద ప్రేమతో. గుప్పెడు దూది చేతికిస్తే చాలు, సీనప్ప రెండు వేళ్ళతో లాగి పింజ పొడవెంతో, తేమ ఎంతో, అడుగు బస్తాలో నాసి సరుకు కలిపారో లేదో చెప్పేవాడు. కళ్ళున్న దళారులు నోళ్ళు తెరిచేవాళ్ళు. అలాంటి వేళ్ళను బడిలో పారబోయడమేమిటని ఆయన బాధ. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. "ఒక్కసారి రాయి సీనా. గట్టెక్కితే నీ దావ నీది. పోతే మళ్ళా సదువు మాట ఎత్తకుండా గోడౌన్లో కూసో" అన్నాడు శెట్టి. ఇద్దరూ అబద్ధమాడని మనుషులు. ఆ ఒక్కసారిలోనే అంతా తేలిపోవాలి.

ఆ ఇల్లు నాకు వాసనతోనే గుర్తు. ముందర గదిలో పత్తిగింజల వాసన, లోపల శనగనూనె వాసన, ఎక్కడ చూసినా ఎగిరే దూది నూగు. ఊరగాయ జాడీ మూత తీసినా దాని మీద రెండు పోగులుండేవి. నారాయణమ్మ, అంటే సీనప్ప తల్లి, కొడుకు ముందు పళ్ళెం పెట్టి అంచు మీద వేలితో కొట్టేది. కుడిపక్క ఒక దెబ్బ కొడితే మిరపకాయ బజ్జీ ఆ పక్కనుందని. రెండు దెబ్బలైతే ఇవాళ కారం ఎక్కువైందని, తిట్టకుండా తినమని. నేను వసారాలో కూర్చుని చదువుతుంటే, ఆమె లోపల రొట్టె తడుతూ ప్రతి గ్రాంథికం మాటకూ "అంటే ఏందప్పా?" అని అడిగేది. చెప్పేదాకా రొట్టె పెనం మీద పడేది కాదు. ఆమె అడగకపోయినా చెప్పే గుణం నాది. పుస్తకంలో 'ఉప్పు' అన్న మాట వస్తే చాలు, ఉప్పు ఎక్కడెక్కడ పండుతుందో కలిపి చదివేసేవాణ్ణి. సీనప్ప చేయి ఎత్తి ఆపేవాడు. "నీలప్పా, ఇది పుస్తకంలో ఉండాదా, నీలో ఉండాదా?" రోజుకు పదిసార్లన్నా ఈ ప్రశ్న పడేది. నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకునేవాణ్ణి.

మధ్యాహ్నం విద్వాన్ క్లాసులు. ఒక పాత పత్తి గిడ్డంగిలో నడిచే ట్యుటోరియల్ కాలేజీ అది. పన్నెండుమంది విద్యార్థులు, పదమూడోవాణ్ణి నేను, సీనప్ప పక్కన. దేశచరిత్ర చెప్పే సుందరరామయ్య గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. చాలా మంచివారు, చాలా మర్యాదస్తులు. కానీ కళ్ళు కనిపించని విద్యార్థిని ఆయన అంతకుముందు చూడలేదు. కళ్ళు లేకపోతే చెవులు కూడా కొంత తక్కువగా ఉంటాయని ఆయన నమ్మకం. సీనప్పతో మాట్లాడాల్సి వస్తే గొంతు పెంచి, తుంగభద్ర అవతలి గట్టు మీదున్నవాణ్ణి పిలిచినట్టు పిలిచేవారు. తర్వాత ఆ కేక కూడా మానేసి, నాతోనే మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఏమండీ, వారికి అర్థమయిందా?" అని నన్నడిగేవారు.

సీనప్ప నావైపు తిరిగి, "నీలప్పా, అర్థమైందని సారుకు సెప్పు" అనేవాడు.

"వారేమన్నారు?"

"అర్థమయిందన్నారండీ" అనేవాణ్ణి నేను, రెండు రాజ్యాల మధ్య రాయబారిలా. క్లాసంతా తలలు దించుకుని నవ్వేది. ఆయన మాత్రం తృప్తిగా తలూపి, పటం వైపు తిరిగి, "ఇదిగో, సైన్యం ఇటునుంచి ఇటు వచ్చి, ఇక్కడ నది దాటి, అటు పోయింది" అని కర్రతో చూపించేవారు. ఇటు ఏదో అటు ఏదో, సీనప్పకు గాలిలో కర్ర చేసే చప్పుడు మాత్రమే తెలిసేది.

ఇక్కడే తువాలు వచ్చింది. ఆదోని పత్తి బజారులో ధర నోటితో మాట్లాడరు. కొనేవాడూ దళారీ చేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు. కింద వేళ్ళు నొక్కి, గోళ్ళు గీరి, బేరం నడుపుతారు. చుట్టూ ఉన్న జనానికి గుడ్డ కదలడం తప్ప ఏమీ కనిపించదు. రామలింగం శెట్టి కొడుక్కి నడక రాకముందే ఈ విద్య నేర్పాడు. సీనప్పకు అది మాతృభాష లాంటిది. "నీలప్పా, నోటితో గుసగుసలాడితే సారుకు కోపం. నా సేతిలో సెప్పు" అన్నాడు. ఎమ్మిగనూరు నుంచి మా నాయన పంపిన కొత్త తువాలు మా ఇద్దరి చేతుల మీదా పడింది. అతని అరచేతిలో అడ్డంగా గీత గీస్తే తుంగభద్ర. బొటనవేలి మొదలు ఆదోని కోట. చిటికెనవేలి దగ్గర హంపీ. సైన్యం ఎటునుంచి ఎటు పోయిందో నా వేలే నడిచి చూపించేది. మణికట్టు మీద ఒక నొక్కు నొక్కితే, సారు నీవైపే చూస్తున్నారని. రెండు నొక్కులైతే, ఇది పరీక్షకు వస్తుందని. అరచేతిలో గోటితో గీరితే, సారు ముక్కుకు సుద్ద అంటిందని.

ఈ చివరిదానితోనే గుట్టు బయటపడింది. కారణం లేకుండా సీనప్ప నవ్వడం చూసి వెనకవాళ్ళు ఆరా తీశారు. నెల తిరక్కుండా క్లాసులో అందరి ఒళ్ళోనూ తువాళ్ళు వచ్చాయి. వాళ్ళకు గురువు సీనప్ప. అంతవరకు అతని పక్కనుంచి చప్పుడు చేయకుండా జారుకునేవాళ్ళు, ఇప్పుడు వచ్చి "సీనన్నా, 'ఆకలైతాంది' అంటే యాడ నొక్కాల?" అని అడిగేవాళ్ళు. సుందరరామయ్య గారు నిండు వేసవిలో పన్నెండుమంది చేతులకు గుడ్డలు కప్పుకుని కూర్చోవడం చూసి, ఇది ఈ ప్రాంతపు ఆచారం కాబోలనుకున్నారు. మర్యాదస్తులు కనుక అడగలేదు.

పరీక్ష దగ్గరపడింది. సీనప్ప చెబుతుంటే రాయడానికి మనిషిని అనుమతించమని యూనివర్సిటీకి అర్జీ పెట్టాము. అనుమతి వచ్చింది, ఒక షరతుతో. రాసేవాడికి ఆ చదువు ఉండకూడదు. లేదని గురువు ధ్రువీకరించాలి. సుందరరామయ్య గారి చేతిరాత ఆయనకే అర్థం కాదు. నా దస్తూరీ ముత్యాలకోవ. అందువల్ల ఆయన చెప్పారు, నేను రాశాను. "ఈ నీలకంఠప్ప అనునతడు ఐదవ తరగతిని మించి చదువలేదనియు, విద్వాన్ పరీక్షకు సంబంధించిన ఏ విషయమునందును ఇతనికి ఎట్టి జ్ఞానమును లేదనియు ఇందుమూలముగా..." నా అజ్ఞానాన్ని నా చేత్తో నేనే, గుండ్రటి అక్షరాలతో, సంతకానికి చోటు వదిలి మరీ రాశాను. సీనప్ప పక్కన కూర్చుని, "ఎట్టి జ్ఞానమును అన్నదాని కింద గీత గియ్యప్పా" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. రెండు సంపుటాలు చదివినవాణ్ణి. ఎట్టి జ్ఞానమును లేదట.

ఆ ఉక్రోషం తీరే అవకాశం వారానికే వచ్చింది. అసలు పరీక్షకు ముందు కాలేజీలో నమూనా పరీక్ష పెట్టారు. విజయనగర సైన్యమును గూర్చి వ్రాయుడని ప్రశ్న. సీనప్ప కళ్ళు మూసుకుని, గుర్రాల గురించి ఒక పుట నిండా చెప్పాడు. ఏ రేవుకు వచ్చేవి, ఎవరు తెచ్చేవారు, వాటి కోసం రాజులు ఎందుకు పోటీపడేవారు అని. నేను రాస్తూనే ఉన్నాను. "ఏనుగులు కూడా ఉండినవి" అన్నాడు. అంతే, నా చేయి నా మాట వినలేదు. ఏనుగు! అచ్చుల్లోకెల్లా గొప్ప జంతువు. తొండంలోని కండరాలు, దంతాల వయస్సు, పిల్ల ఎన్ని నెలలు కడుపులో ఉంటుంది, మేత ఎంత, నిద్ర ఎంత, అన్నీ ఎక్కించాను. జవాబు మరీ పొడవైపోయిందనిపించి గుర్రాల పుటను కొట్టివేసి నాలుగు పంక్తులకు కుదించాను. గుర్రం హల్లు కదా, దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు. నా కలం బరబరలాడుతుంటే సీనప్ప విని, "బాగా రాస్తాండావే" అని మెచ్చుకున్నాడు కూడా.

మూడో రోజు సుందరరామయ్య గారు ఆ జవాబు క్లాసులో చదివారు. చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. క్లాసు దొర్లి దొర్లి నవ్వింది. ఆయన నావైపు తిరిగి, "వారికి చెప్పండి. చరిత్ర అడిగితే జంతుశాస్త్రం రాయకూడదని. గుర్రాల సంగతి నాలుగు పంక్తుల్లో తేల్చేస్తే విజయనగర సైన్యమేమిటండీ? అసలు పరీక్షలో ఇలా రాస్తే తప్పడం ఖాయమని చెప్పండి" అన్నారు. తువాలు కింద సీనప్ప చేయి నా చేతిలోంచి మెల్లగా బయటికి పోయింది. నేను లేచి నిజం చెప్పాలి. లేవలేదు. సీనప్పే లేచి, "సరే సార్" అని కూర్చున్నాడు.

వీధిలోకి వచ్చాక అడిగాడు. "నేను సెప్పినదాంట్లో ఏనుగు కడుపు యాడుంది నీలప్పా?"

"మార్కులొస్తాయని..."

"నాకు కండ్లు లేవు. నోరుంది. ఆ నోట్లో నీ ఏనుగును కుక్కితివి. గుర్రాలన్నీ నావి. వాటిని సంపితివి. మా నాయన ఒక్కసారే అన్నాడు, తెలుసు గదా నీకు? నీ ఏనుగుకు నన్ను గోడౌన్లో కట్టేస్తావా?"

కర్ర తాటించుకుంటూ ఒక్కడే పోయాడు. మరుసటి రోజు నేను పోయి చదివితే విన్నాడు కాని, ఒక్కసారి కూడా "పుస్తకంలో ఉండాదా, నీలో ఉండాదా" అని అడగలేదు. కావాలని రెండు మాటలు కలిపి చదివాను. అయినా అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. నారాయణమ్మ మా ఇద్దరినీ చూసి, "ఏనుగును మింగినోళ్ళ మాదిరి కూసున్నారే ఇద్దరూ" అన్నది. ఆమెకు కథ తెలియదు. సామెతకు అన్నది. సీనప్పకు నవ్వు ఆగక, ఉగ్గాని పొలమారింది. ఆ నవ్వు చల్లారకముందే నేను లేచి సుందరరామయ్య గారి గదికి పరుగెత్తి, జరిగింది చెప్పేశాను. "ఎట్టి జ్ఞానమును లేదని నేను సంతకం పెట్టింది నిజమేనన్నమాట" అన్నారాయన.

ఆ సాయంత్రం ఆయన శెట్టిగారి వసారాకు వచ్చారు. నాతో మాట్లాడలేదు. సీనప్ప ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో, "శ్రీనివాసులు గారూ, మీరు చెప్పిన గుర్రాల సంగతి నాకు మళ్ళీ చెప్తారా?" అన్నారు. సీనప్ప అలవాటు కొద్దీ "నీలప్పా, సారుకు..." అని మొదలుపెట్టి, మాట మధ్యలో ఆపి, ఆయనవైపు తిరిగాడు. పుట మొత్తం చెప్పాడు. విన్నాక ఆయన, "వీరిని మార్చేసి వేరే మనిషిని పెట్టుకుందామా?" అన్నారు, నన్ను చూపిస్తూ. చూపించారని నేను చెప్పాల్సి వచ్చింది. సీనప్ప ఆలోచించి, "వద్దు సార్. దస్తూరి బాగుండాది. దొంగను మార్సేకంటే కాపలా పెట్టుకుంటే సాలు" అన్నాడు. కాపలా అతని ఎడమచేయే. నేను రాస్తున్నంతసేపూ నా కుడి మణికట్టు మీద ఆ చేయి ఉంటుంది. కలం ఎన్ని మాటలు నడిచిందో, ఎక్కడ పంక్తి తిరిగిందో ఆ వేళ్ళకు తెలుస్తుంది. పింజ పొడవు తెలిసిన వేళ్ళకు వాక్యం పొడవు ఒక లెక్కా! పైన తువాలు ఎందుకని నేనడిగితే, "గుడ్డ కప్పకుంటే నా ఏళ్ళకు మాట రాదు" అన్నాడు. పదిరోజులు అలవాటు చేశాం. మొదట్లో ప్రతి పుటలోనూ పట్టుబడ్డాను.

పరీక్షనాడు మాకు పక్కగది ఇచ్చారు. బయటూరి నుంచి వచ్చిన సూపర్వైజరు గారు నిప్పులాంటి మనిషని చెప్పుకున్నారు. అరగంట కాకముందే ఆయన వచ్చి మా చేతుల మీద తువాలు చూశారు. "ఏమిటిది? ఈ ఊళ్ళో గుడ్డ కింద బేరాలు చేస్తారని విన్నాను. ఇక్కడ కూడానా? తీయండి!" అని ఒక్క గుంజు గుంజారు. సిరాబుడ్డి బోర్లాపడింది. పారుతున్న సిరా మీద నేను తువాలు మూల అదిమిపెట్టాను. జవాబు కాగితాలు బతికాయి, తువాలు తాగేసింది. "ఇద్దరూ లేవండి. పరీక్ష ఆపేస్తున్నాను" అన్నారాయన. గోడౌను తలుపులు నా కళ్ళకు కనిపించాయి.

సీనప్ప లేవలేదు. "సార్, ఈయప్ప నాకు సెప్పడంలే. నేను సెప్పనిదాన్ని ఈయప్ప రాయకుండా పట్టుకోనుండాను. ఒకసారి రాసినాడు. కావాలంటే సూడండి" అన్నాడు. సూపర్వైజరు గారు నమ్మలేదు. విడి కాగితం మీద 'రెండు మాటలు కలుపు' అని రాసి, చప్పుడు చేయకుండా నాకు చూపించారు. సీనప్ప ఏదో వాక్యం చెప్పాడు. నేను ఆ విడి కాగితం మీదే రాస్తూ, మధ్యలో రెండు మాటలు కలిపాను. జీవితంలో ఒకరు అడిగి కలిపించడం అదొక్కసారే. వేళ్ళు వెంటనే బిగిశాయి. "సార్, ఈడ రెండు మాటలు ఎక్కువ పడినాయి. సూడండి సార్, మీ ముందరే! ఈ మనిషి బుద్ధి మారదు" అన్నాడు సీనప్ప. ఆ నిప్పులాంటి మనిషి కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వారు. "సరే, చెయ్యి ఉంచుకోండి. తువాలు ఎందుకు?" అన్నారు. "గుడ్డ లేకుంటే ఈయప్పకు సిగ్గుండదు సార్" అన్నాడు సీనప్ప. తువాలు మళ్ళీ పడింది, తడి సిరాతో సహా. సూపర్వైజరు గారు మా ఎదురుగానే కుర్చీ వేసుకున్నారు.

నాలుగో ప్రశ్న, విజయనగర సైన్యము. గుర్రాలు పుటకు పుట నడిచాయి, ఒక్క గిట్ట కూడా తప్పిపోకుండా రాశాను. తర్వాత సీనప్ప గొంతు సవరించుకుని, "ఏనుగులు కూడా ఉండినవి" అన్నాడు. నా కలం ఆ మాట మీద ఒక్క క్షణం ఆగింది. మణికట్టు మీద బొటనవేలి గోరు దిగింది. "పుల్ స్టాప్" అన్నాడు. పెట్టాను.

పాసయ్యాడు. ఆ మార్కులన్నీ అతనివే. ఫలితం తెలిసిన రోజు రామలింగం శెట్టి కొడుకుని గోడౌనుకు తీసుకుపోయి, గుప్పెడు దూది చేతిలో పెట్టి, "ఇది ఎట్లుంది సెప్పు, ఆఖరిసారి" అన్నాడు. సీనప్ప చెప్పాడు. "ఇట్లాంటి ఏళ్ళు పిల్లకాయల పాలు" అని ముక్కు చీదుకుని, తనే కొడుకును బస్సెక్కించి కోడుమూరు బడిలో దింపి వచ్చాడు. సీనప్ప అక్కడ రిటైరయ్యేదాకా తెలుగు చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో, అత్తమామల ముందు మొగుడితో కోడలు మాట్లాడకూడని ఆ ఇంట్లో, అతని భార్య మొదట నేర్చుకున్నది ఈ తువాలు కింది మాటలేనని సీనప్ప ఒకసారి నాతో అన్నాడు. అందుకే కాబోలు పెళ్ళిచీర కింద దాచింది.

ఇదంతా చెబితే శైలజ కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆమె ఇప్పుడు కాలేజీ లెక్చరరు. ఆమె క్లాసులో కళ్ళు కనిపించని పిల్లలు ఇద్దరున్నారట. వాళ్ళు ఎట్లా చదువుతారో చూపిస్తానని ఫోను తీసి, ఒక పుట దాని ముందు పెట్టింది. ఫోను గడగడా చదివేసింది. నేను చెవి ఒగ్గి విన్నాను. పుటలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట కలపలేదు. మధ్యలో ఉప్పు వచ్చినా ఆగలేదు. నాకు అసూయ పుట్టిందని ఒప్పుకుంటాను. "మరి వాళ్ళతో సార్లు ఎవరితో మాట్లాడతారమ్మా, వాళ్ళతోనా, పక్కవాళ్ళతోనా?" అని అడిగాను. శైలజ ఫోను సంచిలో పెట్టుకుంటూ, "ఇంకా కొందరు పక్కవాళ్ళతోనే తాతా" అన్నది.

ఆమె వెళుతూ తువాలు నాకే ఇచ్చిపోయింది. ఇది రాస్తున్నంతసేపూ దాన్ని కుడిచేతి మీద కప్పుకునే కూర్చున్నాను. సూపర్వైజరు గారు నాతో చేయి కలిపి మెచ్చుకున్నారని ఒకచోట రాశాను, కొట్టేశాను. అలా జరగలేదు. ఏనుగు తొండం గురించి కూడా ఒక పేరా పడింది, అదీ కొట్టేశాను. మణికట్టు మీద గోరు దిగినట్టే అనిపిస్తుంది. ఇది పుస్తకంలో ఉండాదా నీలప్పా, నీలో ఉండాదా? పుల్ స్టాప్ పెడుతున్నాను సీనప్పా, చేయి తీయి.